బంగారు మూత, నాలుగంకెల తేదీ

1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ టీవీలో కనిపించి, డాలర్లు తెచ్చిస్తే బదులుగా బంగారం ఇచ్చే ఏర్పాటు ఇక ఉండదని ప్రకటించారు. అప్పటిదాకా ఔన్సు బంగారానికి అధికారిక ధర 35 డాలర్లు. సరిగ్గా మూడు నెలలకు, నవంబరు 15న, కాలిఫోర్నియాలో మూడేళ్ల కిందటే పుట్టిన ఇంటెల్ కంపెనీ ‘ఎలక్ట్రానిక్ న్యూస్’ పత్రికలో 4004 అనే చిప్పు గురించి ఒక ప్రకటన వేయించింది. ఈ రెండు వార్తలనూ కలిపి చదవాల్సిన అవసరం ఆనాడు ఎవరికీ లేదు. ఆ తరం చిప్పులు ఇంత తక్కువగా ఎందుకు మిగిలాయి, మిగిలినవాటికి అంత ధర ఎందుకు అని ఈనాడు అడిగేవాళ్లు మాత్రం రెండింటినీ కలిపే చదవాలి.

4004 వెనక ఉన్నది బిజీకామ్ అనే జపాన్ కంపెనీ. లెక్కలు వేసే యంత్రాలకు డజను రకాల చిప్పులు చేసిపెట్టమని వాళ్లు అడిగితే, అన్ని రకాలు అక్కర్లేదు, నాలుగింటితోనే పని జరుగుతుందని ఇంటెల్‌లో టెడ్ హాఫ్ ప్రతిపాదించారు. స్టాన్లీ మేజర్, బిజీకామ్ పంపిన మసతోషి షిమా ఆ ఆలోచనకు వివరాలు కూర్చారు. ఇటలీ నుంచి వచ్చిన ఫెడెరికో ఫాజిన్ దాన్ని సిలికాన్ మీదికి తెచ్చారు. 2,300 ట్రాన్సిస్టర్లు, పదహారు కాళ్లు. చిప్పు అంచున ఫాజిన్ తన పేరులోని పొడి అక్షరాలు ‘ఎఫ్.ఎఫ్.’ పెట్టుకున్నారు. బిజీకామ్ ఇచ్చిన 60,000 డాలర్లు వెనక్కి ఇచ్చేసి, బయటివాళ్లకు అమ్ముకునే హక్కును ఇంటెల్ దక్కించుకుంది. వ్యక్తిగత కంప్యూటర్ల చరిత్రలో అంత చవగ్గా కుదిరిన బేరం మరొకటి దొరకడం కష్టం.

సిలికాన్ ముక్క గోరంత కూడా ఉండదు. సేకరించేవాళ్లు చూసేది దాన్ని మోసే పెట్టెను. ఇంటెల్ పేర్లలో మొదటి అక్షరం ఆ పెట్టె ఏ రకమో చెబుతుంది. ‘సి’ అంటే సిరామిక్: తెల్లని పింగాణీ లాంటి పలక, మీద బంగారు మూత, బంగారు పూత పూసిన కాళ్లు. ‘డి’ అంటే రెండు సిరామిక్ ముక్కల మధ్య గాజు పోసి అతికించిన చవక రకం. ‘పి’ అంటే నల్లని ప్లాస్టిక్. లోపలి సర్క్యూటు మూడింట్లోనూ ఒకటే, చేసే పనీ ఒకటే. అయినా పి4004 ఒక ధరకు పోతే సి4004 దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. తెల్ల సిరామిక్‌లోనూ మళ్లీ తేడా ఉంది. మొట్టమొదటి పెట్టెల్లో లోపలి తీగల దారులు తెలుపు కింద నుంచి బూడిదరంగు గీతల్లా కనిపించేవి. తర్వాతవాటిలో కనిపించవు. 2004 నాటికే ఆ గీతలున్న సి4004 ఇంటర్నెట్ వేలంలో వెయ్యి డాలర్ల దాకా వెళ్లింది. గీతలు లేనిది మూడు నుంచి ఐదు వందల మధ్య ఆగింది. ఆ గీతల వల్ల చిప్పు వేగం పెరగలేదు, తప్పులు తగ్గలేదు. అవి చెప్పేది ఒక్కటే, ఆ ముక్క మొదట్లోనే తయారైందని.

అంత బంగారం ఎందుకు వాడారన్నది ఈ కథకు కీలకం. బంగారం తుప్పు పట్టదు, కనుక కాళ్ల దగ్గర కరెంటు కలిసే చోటు ఏళ్ల తరబడి చెడదు. సిలికాన్ ముక్కను పెట్టె అడుగున అతికించడానికీ అదే వాడేవారు. విడిగా బంగారం కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి, సిలికాన్‌తో కలిస్తే 363 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగి గట్టిగా పట్టుకుంటుంది. ఔన్సు 35 డాలర్లున్న రోజుల్లో కంపెనీలకు ఈ ఖర్చు పెద్దగా తెలియలేదు. నిక్సన్ ప్రకటన తర్వాత ధర పెరుగుతూ, మధ్యలో తగ్గుతూ, 1980 జనవరిలో 850 డాలర్లు తాకింది. ఆ పదేళ్లలోనే చిప్పుల పెట్టెలు ప్లాస్టిక్ వైపు మళ్లాయి. ప్లాస్టిక్ ఎలాగూ చవకే. బంగారం ధర ఆ మార్పును తొందరపెట్టింది.

అదే ధర రెండో పని కూడా చేసింది. పాత కంప్యూటర్ పక్కన పడేయగానే దాని బోర్డులు తుక్కు వ్యాపారి చేతికి పోయాయి. బంగారు మూతలున్న చిప్పులు ముందు కరిగాయి, నల్ల ప్లాస్టిక్‌వి చాలామటుకు బతికిపోయాయి. అందంగా ఉన్నవే అరుదైపోవడానికి కారణం ఇదే. ఇంటెల్ 1995లో తెచ్చిన పెంటియం ప్రోదీ అదే గతి. పెద్ద సిరామిక్ పలక, కింద నిండా బంగారు పిన్నులు. అది పనిచేస్తుందా, ఏ వారం తయారైంది అన్నది చూసుకోకుండా తూకం వేసి కొనేవాళ్లు దానికి ఎప్పుడూ ఉన్నారు. సోవియట్ యూనియన్ కూలిన తర్వాత 1990లలో అక్కడి కర్మాగారాల, సైన్యపు పరికరాల బోర్డులు ఇలాగే పెద్దయెత్తున కరిగిపోయాయి. ఇంటెల్ 8080కి అక్కడివాళ్లు చేసుకున్న నకలు, తూర్పు జర్మనీలోని ఎర్‌ఫుర్ట్‌లో జైలాగ్ జెడ్80కి నకలుగా వచ్చిన యూ880, చెకోస్లొవేకియాలో టెస్లా అనే కంపెనీ చేసిన 8080 ఇప్పుడు సేకరణల్లో చోటు చేసుకున్నాయి. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో ఒక్కో దేశం తనకు తానుగా ఏం చేసుకోగలిగిందో వాటిని చూస్తే తెలుస్తుంది.

ఒక ముక్క కరగకుండా మిగిలిందంటే, ఎవరో దాన్ని లోహంగా కాక వస్తువుగా చూశారన్నమాట. సేకరించేవాళ్ల ధర కరిగించేవాడి ధరను దాటిన చోటే ఈ చరిత్ర నిలిచింది. 2025 అక్టోబరులో బంగారం ఔన్సు 4,000 డాలర్లు దాటింది. ఆ మేరకు పాత చిప్పుల మీద మళ్లీ ఒత్తిడి పెరిగినట్టే. ఎవరికీ పట్టని సాధారణ సిరామిక్ చిప్పులకు, పేరున్న 4004కు లేని ప్రమాదం ఉంది.

ఇక తేదీ సంగతి. చాలా చిప్పుల మీద నాలుగంకెలు అచ్చేసి ఉంటాయి. 7543 అంటే 1975వ సంవత్సరం, 43వ వారం. కర్మాగారం తన అవసరానికి వేసుకున్న గుర్తు అది. ఏదైనా చెడితే ఏ వారపు సరుకో తెలుసుకోవడానికి. అరవై ఏళ్ల ఈ పరిశ్రమకు సంబంధించి బయటివాళ్ల చేతిలో ఉన్న పత్రాలు తక్కువ. కంపెనీలు అమ్ముడుపోయాయి, కాగితాలు పారేశారు. ఏ చిప్పు ఎప్పుడు మార్కెట్లోకి వచ్చింది, లోపం ఎప్పుడు దిద్దారు అన్నది చాలాసార్లు ఈ నాలుగంకెలను బట్టే తేల్చాలి. తొలినాళ్ల 4004లు కొన్నింటికి వెనక తేదీ అంకెలే లేవు. అవి లేకపోవడమే వాటికి ఇంకొంచెం ఎక్కువ ధర తెచ్చింది.

ధరకూ అరుదుదనానికీ ఉన్న లంకెను చక్కగా చూపే ఉదాహరణ 1975 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన వెస్కాన్ ప్రదర్శనలో దొరుకుతుంది. అప్పటికి ఇంటెల్ 8080, మోటరోలా 6800 తొలి ధర ఒక్కొక్కటీ 360 డాలర్లు. మోటరోలాలో 6800 మీద పనిచేసి బయటికొచ్చిన చక్ పెడల్ బృందం, పెన్సిల్వేనియాలోని మాస్ టెక్నాలజీ పేరుతో 6501ను 20 డాలర్లకు, 6502ను 25 డాలర్లకు అమ్ముతామని ప్రకటించింది. ప్రదర్శన శాలలో సరుకు అమ్మడానికి నిర్వాహకులు ఒప్పుకోలేదు. పక్కనే ఒక హోటల్ గదిలో గాజు జాడీల నిండా చిప్పులు పోసి పెట్టుకున్నారు. జాడీల్లో అడుగున ఉన్నవి పనిచేయనివని, సరుకు దండిగా ఉన్నట్టు కనిపించడానికి అలా నింపారని తర్వాత చెప్పుకున్నారు. కొనడానికి వరుసలో నిలబడ్డవాళ్లలో, తర్వాత యాపిల్1 చేసిన స్టీవ్ వోజ్నియాక్ ఒకరు.

6501 కాళ్లు మోటరోలా 6800కు పెట్టిన చోట అచ్చంగా కూర్చునేలా అమర్చారు. మోటరోలా ఊరుకోలేదు, కోర్టుకెక్కింది. 1976లో మాస్ టెక్నాలజీ రెండు లక్షల డాలర్లు చెల్లించి, 6501ను మానుకుని బయటపడింది. అమ్మకానికి వచ్చి ఏడాది కూడా నిలవని ఆ చిప్పు అందుకే ఇవాళ కంటపడడం కష్టం. 6502 మాత్రం యాపిల్2లో, కమడోర్ యంత్రాల్లో, బ్రిటన్‌లో బీబీసీ మైక్రోలో చేరి లెక్కకందనన్ని తయారైంది. నల్ల ప్లాస్టిక్ 6502 ఎవరైనా కొనగలరు. 1975లో తెల్ల సిరామిక్‌లో వచ్చిన 6502 వేరే లోకం. ఇందులో ఒక చిత్రం కూడా ఉంది. 1976 మధ్య దాకా వచ్చిన 6502లలో అంకెలను కుడివైపు తిప్పే ఆదేశం ఒకటి పనిచేయదు. అప్పటి కొనుగోలుదారుకు అది లోపం. ఇప్పుడు అదే తొలి సరుకని రుజువు, తేదీ అంకెలు చెరిగిపోయినా ఆ ఒక్క ఆదేశం ఇచ్చి చూస్తే తేలిపోతుంది.

లోపం ఉంటే చాలు విలువ పెరుగుతుందని మాత్రం అనుకోకూడదు. 1994లో పెంటియం భాగహారంలో తప్పు చేస్తోందని గణిత ఆచార్యుడు థామస్ నైస్లీ బయటపెట్టారు. ఆ డిసెంబరులో ఇంటెల్ అడిగినవాళ్లందరికీ మార్చి ఇస్తామంది, 47.5 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది. ప్రపంచమంతా తెలిసిన లోపం అది. అయితే ఆ చిప్పులు లక్షల్లో బయట ఉన్నాయి. అందరూ తిరిగివ్వలేదు కూడా. వెనక్కి వచ్చినవాటితో ఇంటెల్ తాళంచెవి గొలుసులు చేయించి తన ఉద్యోగులకు పంచింది. అంత పేరుమోసిన చిప్పు ఇప్పటికీ ఖరీదైనది కాలేకపోయింది. అదే కంపెనీ 2000 జులై 31న తెచ్చిన 1.13 గిగాహెర్ట్‌జ్ పెంటియం3 కథ ఇందుకు పూర్తిగా తిరగబడింది. అంత వేగం తట్టుకోలేక తడబడుతోందని పరీక్షించినవాళ్లు చూపించారు, నెల తిరగకముందే ఇంటెల్ దాన్ని వాపసు తీసుకుంది. సామాన్యులకు ఆ పేరే గుర్తుండదు. సేకరించేవాళ్లు ఏళ్ల తరబడి వెతుకుతారు.

ఏరికోరి అరుదుగా చేసినవీ ఉన్నాయి. 8086 చిప్పుకు నలభై ఏళ్లు నిండాయని 2018లో ఇంటెల్ కోర్ ఐ7-8086కె అనే ప్రత్యేక రకం విడుదల చేసి, 8,086 ముక్కలు ఉచితంగా పంచింది. ఇది సరదాకు చేసిన పనే, తప్పేమీ లేదు. కానీ కోర్టు తగాదాలో, కరిగించే కొలిమి దగ్గర, వాపసు ఉత్తర్వులో పుట్టిన అరుదుదనానికి ఉన్న బరువు దానికి రాదు.

కొన్ని చిప్పుల ధర సేకరించేవాళ్ల చేతుల్లోనే లేదు. కమడోర్ 64లో సంగీతం పలికించిన సిడ్ చిప్పు అలాంటిది. బాబ్ యానెస్ రూపొందించిన ఆ చిప్పు కోటికి పైగా కంప్యూటర్లలో వెళ్లింది, లెక్క ప్రకారం అరుదు కాదు. 1994లో కమడోర్ దివాలా తీసింది. ఆ శబ్దం మీద ప్రేమ మాత్రం చావలేదు. స్వీడన్‌కు చెందిన ఎలెక్ట్రాన్ కంపెనీ మిగిలిన సిడ్ చిప్పులతోనే ‘సిడ్‌స్టేషన్’ అనే వాద్యం చేసి అమ్మింది, చిప్పులు అయిపోవడంతో దాన్ని ఆపేసింది. సిడ్ వేడెక్కుతుంది, చెడిపోతుంది, కొత్తది రాదు. పాత కంప్యూటర్లు బాగుచేసుకునేవాళ్లూ, సంగీతకారులూ ఒకే గుప్పెడు సరుకు కోసం పోటీ పడుతున్నారు. అద్దాల బీరువాలో పెట్టుకునేవాడు ఆ పోటీలో మూడోవాడు.

యాపిల్1 పలికిన ధరలు ఇంకో రకం. వోజ్నియాక్, స్టీవ్ జాబ్స్ 1976లో 666.66 డాలర్లకు అమ్మిన ఆ బోర్డులు తయారైందే దాదాపు 200. 2014లో బాన్‌హమ్స్ వేలంలో ఒక యాపిల్1ను మిచిగన్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియం 9,05,000 డాలర్లకు కొంది. అసలు బోర్డు కొనలేనివాళ్లు అచ్చం అలాంటి బోర్డు కొత్తగా చేయించుకుని, దాని మీద ఆ కాలపు చిప్పులే కూర్చాలని పట్టుబడతారు. తెల్ల సిరామిక్ 6502 దొరికితే సరి, అసలు చిక్కు సిగ్నెటిక్స్ 2519తో వస్తుంది. తెర మీద అక్షరాలు నిలవడానికి వాడిన చిన్న జ్ఞాపక చిప్పు అది. దాన్ని చరిత్రగా ఎవరూ భద్రపరచలేదు. ఒక ప్రసిద్ధ బోర్డు మీద చోటు ఉన్నందుకే ఇప్పుడు దానికి గిరాకీ.

గిరాకీ ఉన్న చోటికి నకిలీ వస్తుంది. ప్లాస్టిక్ చిప్పు పైపొర గీకి, నల్లరంగు పూసి, కొత్త పేరూ తేదీ అచ్చేయడం కష్టమేమీ కాదు. చైనాలోని గుయియు లాంటి చోట్ల తుక్కు బోర్డుల నుంచి పీకిన చిప్పులు ఇలా కొత్త వేషంతో ప్రపంచ మార్కెట్లోకి వచ్చాయి. 2012లో అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ ఇచ్చిన విచారణ నివేదికలో, రక్షణ పరికరాల సరఫరాలోనే 1,800 అనుమానాస్పద ఉదంతాలు, పది లక్షలకు పైగా భాగాలు తేలాయి. సైన్యాన్నే మోసగించినవాళ్లకు సేకరణకర్త ఒక లెక్కా? అసిటోన్‌లో ముంచిన దూదితో తుడిచి రంగు ఊడుతుందేమో చూడడం, అచ్చులోని అక్షరాల వంపు పోల్చడం, ఒకే తేదీ ముక్కలు ఒకే దుకాణం నుంచి పదేపదే వస్తుంటే అనుమానించడం కొనేవాళ్లకు అలవాటైంది. నకిలీ చేసే అసలు నష్టం డబ్బుది కాదు. తేదీ అంకెలే సాక్ష్యంగా నిలిచిన చోట, అబద్ధపు తేదీ వేసిన ముక్క ప్రతిదీ ఒక చరిత్ర పుటను చెరిపేస్తుంది.

అరుదైనదీ, ముఖ్యమైనదీ అయినంత మాత్రాన కొనేవాడు దొరుకుతాడన్న పూచీ లేదు. జాక్ కిల్బీ 1958లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జర్మేనియం ముక్క మీద తొలి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ చూపించారు. 2000లో నోబెల్ బహుమతి తెచ్చింది ఆ పనే. ఆ నాటి తొలి నమూనాల్లో ఒకదాన్ని 2014లో క్రిస్టీస్ పది నుంచి ఇరవై లక్షల డాలర్ల అంచనాతో వేలానికి పెట్టింది. అది అమ్ముడుపోలేదు. గాజు పలక మీద అతికించిన ఆ చిన్న ముక్కకు మొత్తం డిజిటల్ యుగం రుణపడి ఉన్నా, దాన్ని ఇంట్లో పెట్టుకోవాలన్న కోరిక తగినంత మందికి కలగలేదు. యాపిల్1ను చూసి తమ బాల్యం గుర్తు తెచ్చుకునేవాళ్లు వేలంలో చెయ్యెత్తుతారు. కిల్బీ ముక్కతో ఎవరి బాల్యానికీ సంబంధం లేదు. ఎఫ్-14 యుద్ధ విమానం కోసం రే హోల్ట్ బృందం 1970 నాటికే చేసిన చిప్పుల సముదాయం ఇంకా దూరం పోయింది. 1998 దాకా అది సైనిక రహస్యం, కాబట్టి దాన్ని కోరుకునే అవకాశమే ఎవరికీ రాలేదు.

మన దేశంలోనూ ఇలాంటి సరుకు ఉంది. హైదరాబాద్‌లో 1967లో మొదలైన ఈసీఐఎల్ టీడీసీ వరుస కంప్యూటర్లు చేసింది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ 1984లో చిప్పుల ఉత్పత్తి మొదలుపెట్టింది, బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పే క్లాస్ పథకం కోసం బీబీసీ మైక్రోను యూనికార్న్ పేరుతో తెచ్చింది. 1989 ఫిబ్రవరిలో ఆ చిప్పుల కర్మాగారం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అంటే ఆ మంటలకు ముందు మొహాలీ ముద్రతో వచ్చిన చిప్పులు తయారైన కాలం ఐదేళ్లే. 6501కి పేరు తెచ్చిన కారణాలన్నీ వీటికీ ఉన్నాయి. వీటి వెనక కూడా ఆగిపోయిన ఉత్పత్తి ఉంది, తక్కువ సంఖ్య ఉంది, ఒక దేశం పడ్డ పాటు ఉంది. వాటి జాబితా ఒకటి తయారై, ఫొటోలతో, తేదీ అంకెలతో జనం ముందుకొస్తే గిరాకీ దానంతటదే వస్తుంది. గిరాకీ లేనంత కాలం వాటి ఖరీదు కిలోల లెక్కే.

కనుక కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ దుకాణం నడిపేవాళ్లకూ, ఈసీఐఎల్ లాంటి సంస్థల్లో పనిచేసి రిటైరైనవాళ్లకూ, బడి స్టోర్ గదికి తాళం వేసి కూర్చున్న హెడ్మాస్టర్లకూ ఒక మనవి. పాత బోర్డు తుక్కుకు వేసే ముందు ఒకసారి తిప్పి చూడండి. చిప్పులు పీకొద్దు, బోర్డుతో కలిసి ఉంటేనే అవి ఏ యంత్రానివో తెలుస్తుంది. మీద ఉన్న అచ్చు గట్టిగా తుడవొద్దు, సిరా పోతే మళ్లీ రాదు. నల్లని ఫోమ్‌లో గుచ్చి ఉంటే బయటికి తీయండి, అది ఏళ్లు గడిస్తే జిగురుగా మారి కాళ్లను తినేస్తుంది. వెలుతురులో ఒక ఫొటో తీసి, ఆ యంత్రం ఎక్కడ, ఏ పనికి, ఏ సంవత్సరాల్లో నడిచిందో ఒక కాగితం మీద రాసి అదే పెట్టెలో పెట్టండి. దానికి ధర ఎంతో తర్వాత తేలుతుంది, ముందు ఆ కాగితం రాయండి.